తొలిదశ ముఖద్వారం క్యాన్సర్‌కి ఆపరేషన్ ఎంతవరకు చేయాలి: డెల్టా కుటుంబాలకూ, చిన్న ఊళ్ల డాక్టర్లకూ

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తొలిదశలో ఉందని తెలియగానే గోదావరి జిల్లాల ఇళ్లలో రెండు మాటలు వినపడతాయి. ఒకటి, "సంచి తీయించేస్తే పోద్దండీ". రెండోది, "ఖర్చైనా పర్లేదండీ, పెద్దాపరేషనే చేయించేద్దాం". రెండూ ఆదుర్దాలోంచి వచ్చేవే. ఆపరేషన్ ఎంత పెద్దదన్నది మాత్రం ధైర్యాన్ని బట్టి తేలేది కాదు, డబ్బును బట్టి తేలేదీ కాదు. కణితి ఎన్ని మిల్లీమీటర్ల లోతుకి దిగింది, మొత్తం సైజెంత, లింఫ్ నాళాల్లోకి గానీ రక్తనాళాల్లోకి గానీ దూరిందా, లింఫ్ గ్రంథుల్లోకి చేరిందా? ఈ నాలుగూ తెలిస్తే ఆపరేషన్ దాదాపుగా తేలిపోయినట్టే. అవి తెలియకుండా చేసేది చిన్నదైనా పెద్దదైనా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఏ ఆపరేషన్‌లో ఏం పోతుంది

గర్భసంచి కింది మెడ భాగం యోనిలోకి దిగి ఉంటుంది, అదే ముఖద్వారం. దానికి రెండు పక్కలా కొవ్వు, రక్తనాళాలు, లింఫ్ నాళాలు, సన్నటి నరాలు కలిసిన మెత్తటి కణజాలం కటి గోడ దాకా పరుచుకుని ఉంటుంది. దీన్ని పారామెట్రియం అంటారు. కిడ్నీ నుంచి మూత్రసంచికి వచ్చే నాళం (మూత్రనాళం) ముఖద్వారానికి సుమారు 2 సెంటీమీటర్ల దూరంలో, గర్భాశయ ధమని కిందుగా, ఈ కణజాలంలోంచే దూరి వెళ్తుంది. మూత్రం వస్తోందన్న కబురు అందించే నరాలూ ఇక్కడే ఉన్నాయి. ఎంత తీయాలన్న చర్చంతా ఈ పారామెట్రియం గురించే. సంచి తీసే ఆపరేషన్ (హిస్టరెక్టమీ) ఏదైనా గర్భసంచి ఎలాగూ పోతుంది.

అన్నిటికంటే చిన్నది కోన్: ముఖద్వారంలోంచి శంకువు ఆకారంలో ఒక ముక్క తీస్తారు, గర్భసంచి ఉంటుంది. ఆ తర్వాతది మామూలు హిస్టరెక్టమీ. సర్జన్లు వాడే కెర్లూ-మారో వర్గీకరణలో ఇది టైప్ ఎ. మూత్రనాళం ఎక్కడుందో చూసుకుంటారు తప్ప దాన్ని విడదీయరు, పారామెట్రియం దాదాపు అంతా మిగులుతుంది. టైప్ బిలో మూత్రనాళం పైకప్పు తెరిచి, నాళాన్ని పక్కకి జరిపి, అక్కడిదాకా కణజాలం తీస్తారు. టైప్ సి అసలైన రాడికల్ హిస్టరెక్టమీ: మూత్రనాళాన్ని పూర్తిగా విడదీసి, పారామెట్రియాన్ని కటి గోడ దగ్గరి రక్తనాళాల దాకా, యోని పైభాగాన్ని 1.5 నుంచి 2 సెంటీమీటర్ల మేర తీసేస్తారు. అందులోనూ నరాలు కాపాడుతూ చేస్తే సి1, కాపాడకుండా చేస్తే సి2.

1898లో వియన్నాలో వెర్ట్‌హైమ్ ఈ పెద్దాపరేషన్ మొదలుపెట్టాక వందేళ్లకు పైగా "ఎంత ఎక్కువ తీస్తే అంత మేలు" అన్న లెక్కే నడిచింది. కణితి చిన్నదిగా ఉన్నవాళ్లలో అలా తీసిన పారామెట్రియాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే క్యాన్సర్ కనపడేది నూటికి ఒకరిలో కూడా కాదు. మిగతావాళ్లందరి నరాలూ ఊరికే తెగాయన్నమాట.

సంతకం పెట్టే కాగితం మీద "హిస్టరెక్టమీ" అని ఒక్క మాటే ఉంటే ఏ టైపో అడిగి రాయించుకోండి. గ్రంథులు తీస్తారా, అండాశయాలు ఉంచుతారా అన్నదీ అందులోనే రాయాలి.

బయాప్సీ, ఎంఆర్ఐ

కంటికి కనపడే పుండో కండో ఉంటే దాని అంచునుంచి చిన్న ముక్క తీస్తే చాలు, రోగం ఏదో తేలుతుంది. పైకి ఏమీ కనపడకుండా పాప్ టెస్టు (ముఖద్వారం కణాల పరీక్ష), కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూడటం) తేడాగా వచ్చి, ముక్క పరీక్షలో "లోతుకి దిగుతున్నట్టుంది" అంటే కోన్ చేయక తప్పదు. మిల్లీమీటర్ల లెక్క చిన్న ముక్కలో తేలదు.

కోన్ ఒకే ముక్కగా రావాలి. విద్యుత్తుతో కోసే లీప్ తీగతో మూడు నాలుగు పెచ్చులుగా తీస్తే ఏ అంచు దేనిదో, లోతు ఎక్కడినుంచి కొలవాలో పాథాలజిస్టుకి అంతు చిక్కదు. తీసినవాళ్లు 12 గంటల స్థానంలో ఒక దారం కుట్టి పంపాలి. ముక్కని వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి, ముక్క పరిమాణానికి కనీసం 10 రెట్లు ద్రవం ఉండాలి. చిన్న నర్సింగ్ హోముల్లో ఫార్మలిన్ అయిపోయిందని సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేసి బస్సులో పంపడం కద్దు. సెలైన్‌లో ముక్క కుళ్లుతుంది, స్పిరిట్‌లో బిగుసుకుని ముడుచుకుపోతుంది. రెండింటిలోనూ కొలత పోయినట్టే, మళ్లీ తీద్దామంటే ఆ ముక్క ఉండదు.

రిపోర్టులో ఉండాల్సినవి: రకం (స్క్వామస్, ఎడినో, ఎడినోస్క్వామస్, లేదా ఇంకేదైనా), గ్రేడు, లోతు మిల్లీమీటర్లలో, అడ్డం కొలత, ఎల్‌వీఎస్‌ఐ ఉందా లేదా (అంటే లింఫ్, రక్తనాళాల్లోకి కణాలు దూరాయా), లోపలి అంచు, బయటి అంచు, లోతు అంచు శుభ్రంగా ఉన్నాయా. "స్క్వామస్ సెల్ కార్సినోమా, దయచేసి క్లినికల్‌గా చూసుకోండి" అని ఒక్క వాక్యం వస్తే దాన్ని పట్టుకుని ఆపరేషన్‌కి వెళ్లొద్దు. స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు అడిగి తీసుకుని క్యాన్సర్ పాథాలజిస్టుతో మళ్లీ చదివించండి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే లాంటి చోట్ల ఎలాగూ మొదట అవే అడుగుతారు. బ్లాకులంటే మైనం ముద్దలు. మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే కరిగిపోతాయి. చేతిసంచిలో, నీడలో ఉంచుకోండి.

సైజు కొలవడానికి కటి ఎంఆర్ఐ కావాలి. పొట్ట సీటీ తీసి "సర్విక్స్ కొద్దిగా ఉబ్బింది" అని రాసిస్తే అది కొలత కాదు. ముఖద్వారం కణజాలమూ కణితీ సీటీలో విడివిడిగా కనపడవు. ఎంఆర్ఐలో మూడు కొలతలు, ముఖద్వారం గోడలో ఎంత శాతం లోతుకి దిగింది, పారామెట్రియం చెక్కుచెదరకుండా ఉందా, గ్రంథులెలా ఉన్నాయి అని రాయించుకోవాలి. వీలైతే కోన్‌కి ముందే తీయించండి. కోన్ అయిన కొద్ది రోజులకే తీస్తే అక్కడి వాపు కూడా కణితిలాగే కనపడి 1 సెంటీమీటరు కాస్తా 2 సెంటీమీటర్లవుతుంది, అక్కడితో చిన్న ఆపరేషన్‌తో పోయేదాన్ని పెద్దది చేసేస్తారు.

ఇంత చెప్పాక కూడా సర్జన్ వేలితో చేసే పరీక్ష తప్పనిసరి. యోనిలోనుంచీ మలద్వారంలోనుంచీ కలిపి పరీక్షిస్తే పారామెట్రియం మెత్తగా ఉందో గట్టిపడిందో తెలుస్తుంది. ఆపరేషన్ చేయబోయే మనిషే స్వయంగా చేయాలి. "జూనియర్ చూశారు" అంటే కుదరదు.

దశని బట్టి ఎంత

2018 నాటి ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య) లెక్క ప్రకారం 1ఎ1 అంటే లోతు 3 మిల్లీమీటర్ల లోపు, 1ఎ2 అంటే 3 నుంచి 5 లోపు. 5 మిల్లీమీటర్లు దాటి, సైజు 2 సెంటీమీటర్ల లోపుంటే 1బి1. 2 నుంచి 4 లోపు 1బి2. 4, ఆపైన 1బి3. పాత రిపోర్టుల్లో 4 సెంటీమీటర్ల లోపుదంతా 1బి1 అనే రాసేవారు. అందుకని దశ పేరుతో పాటు సైజు కూడా చూడండి.

1ఎ1, ఎల్‌వీఎస్‌ఐ లేదు, కోన్ అంచులు శుభ్రం: ఇక పిల్లలు కావాలనుకుంటే ఆ కోన్‌తోనే వైద్యం అయిపోయింది. పిల్లలు చాలనుకుంటే మామూలు హిస్టరెక్టమీ చాలు. గ్రంథులు తీయక్కర్లేదు, వాటిలో క్యాన్సర్ దొరకడం నూటికి ఒకటి కంటే తక్కువ. ఈ దశలో రాడికల్ చేద్దామని ఎవరన్నా అంటే కారణం అడగండి. అంచుల్లో రోగం మిగిలి ఉంటే మాత్రం నేరుగా హిస్టరెక్టమీకి వెళ్లకుండా మళ్లీ కోన్ చేసి లోతు తేల్చుకోవాలి. మొదటి ముక్కలో 2 మిల్లీమీటర్లే కనపడినా, మిగిలినదాంట్లో 7 ఉండొచ్చు.

1ఎ1లో ఎల్‌వీఎస్‌ఐ ఉంటే, లేదా 1ఎ2 అయితే, గ్రంథుల పరీక్ష కలుస్తుంది. గర్భసంచి మట్టుకు మామూలు హిస్టరెక్టమీతో సరిపోతుంది. పిల్లలు కావాలంటే శుభ్రమైన అంచులతో కోన్, దాంతోపాటు గ్రంథులు.

1బి1 దగ్గరే అసలు మార్పు వచ్చింది. 2 సెంటీమీటర్ల లోపు కణితికి కూడా మొన్నమొన్నటిదాకా రాడికలే. 2024లో వెలువడిన షేప్ అధ్యయనంలో 700 మంది స్త్రీలని రెండు జట్లు చేసి, సగం మందికి రాడికల్, సగం మందికి మామూలు హిస్టరెక్టమీ చేశారు. గ్రంథులు ఇద్దరికీ తీశారు. మూడేళ్లకి కటి భాగంలో రోగం తిరగబెట్టింది రాడికల్ జట్టులో 2.17 శాతం మందికి, మామూలు జట్టులో 2.52 శాతం మందికి. తేడా లేనట్టే. మూత్రం దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టుంది: నాలుగు వారాలు దాటాక కూడా మూత్రం పూర్తిగా దిగనివాళ్లు రాడికల్‌లో 9.9 శాతం, మామూలు దాంట్లో 0.6 శాతం. ఆపుకోలేక కారిపోయేవాళ్లు రాడికల్‌లో 11 శాతం, మామూలు దాంట్లో 4.7 శాతం.

ఈ అంకెలు చూపించి ఏ కణితికైనా చిన్నాపరేషన్ చేసేస్తామంటే ఒప్పుకోకూడదు. ఆ అధ్యయనంలోకి తీసుకున్నవాళ్లకి కణితి 2 సెంటీమీటర్లకి మించలేదు. కోన్‌లో లోతు 10 మిల్లీమీటర్ల లోపు, లేదా ఎంఆర్ఐలో గోడలో సగం లోపు ఉండాలన్నది షరతు. రకం స్క్వామస్, ఎడినో, ఎడినోస్క్వామస్‌లలో ఒకటై ఉండాలి. న్యూరోఎండోక్రైన్ లాంటి మొండి రకాలకి ఇది వర్తించదు. ఎంఆర్ఐ తీయకుండా, కోన్ చేయకుండా, చేత్తో చూసి "చిన్నదేలెండి" అని మామూలు హిస్టరెక్టమీ చేసేవాళ్లు షేప్ పేరు ఎత్తకూడదు. ఆపరేషన్ తగ్గించుకోవాలంటే ముందు పరీక్షలు పెంచుకోవాలి. మన దగ్గర ఎక్కువగా తప్పుతున్న లెక్క ఇదే.

2 నుంచి 4 సెంటీమీటర్ల మధ్య ఉంటే రాడికల్ కావాలి, నరాలు కాపాడే సి1 చేయగలిగిన చేతులు కావాలి. ఏడాదికి రెండు మూడు చేసే చోట కాకుండా, క్రమం తప్పకుండా చేసే గైనిక్ ఆంకాలజీ విభాగానికి వెళ్లడం ఈ సైజు దగ్గరే అన్నిటికంటే ముఖ్యం.

4 సెంటీమీటర్లు దాటితే ఆపరేషన్ మాట పక్కన పెట్టండి. కీమోతో కలిపిన రేడియేషన్, మన ఊళ్లలో "కరెంటు పెట్టడం" అంటారే, అదే మొదటి వైద్యం. "ముందు కీమో ఇచ్చి చిన్నది చేసి తర్వాత కోసేద్దాం" అన్న దారిని ముంబై టాటా మెమోరియల్ వాళ్లే పరీక్షించి 2018లో ఫలితం చెప్పారు. ఐదేళ్లకి రోగం లేకుండా ఉన్నవాళ్లు కీమో, ఆపరేషన్ జట్టులో 69.3 శాతం, కీమో-రేడియేషన్ జట్టులో 76.7 శాతం. కరెంటంటే భయంతో ఆపరేషన్ కోరుకునేవాళ్లకి ఈ అంకె చూపించాలి. పైగా పెద్ద కణితికి ఆపరేషన్ చేశాక చాలామందికి కరెంటు ఎలాగూ తప్పదు. గ్రంథుల్లో, పారామెట్రియంలో, కోత అంచులో ఏ ఒక్కచోట క్యాన్సర్ కనపడినా ఆపరేషన్ తర్వాత కీమో-రేడియేషన్ ఇవ్వాల్సిందే. సైజు, లోతు, ఎల్‌వీఎస్‌ఐ మూడూ కలిసి ఎక్కువగా ఉన్నా రేడియేషన్ ఇస్తారు. రెండు వైద్యాలూ పడిన మనిషికి పేగులు, మూత్రసంచి, కాళ్ల బాధలు ఒక్క వైద్యంతో పోయినదానికంటే ఎక్కువ. మంచి పథకం ఒకే వైద్యంతో ముగిసేలా ముందే వేసేది.

బొడ్డు దగ్గర రంధ్రాలా, పొడుగు కోతా

రాడికల్ హిస్టరెక్టమీకి ఇప్పుడు జవాబు పొట్ట కోసి చేయడమే. 2018లో వచ్చిన లాక్ అధ్యయనంలో నాలుగున్నరేళ్లకి రోగం లేకుండా ఉన్నవాళ్లు కోసి చేసినప్పుడు 96.5 శాతం, లాపరోస్కోపీ, రోబో పద్ధతుల్లో 86 శాతం. కారణం ఇదీ అని ఒక్కటి తేలలేదు గానీ, ముఖద్వారంలోంచి గర్భసంచిలోకి దూర్చి కదిలించే పరికరం, పొట్టలోపలే యోని తెరవడం వల్ల కణాలు చిందడం మీద అనుమానం. రోబో ఉన్న ఆసుపత్రి ప్రకటనలో ఈ అంకెలు ఉండవు.

చిన్న కణితికి మామూలు హిస్టరెక్టమీ సంగతి వేరు. షేప్‌లో ఎక్కువమందికి రంధ్రాల పద్ధతిలోనే చేశారు. అయినా కణితిలోకి పరికరం గుచ్చకూడదు, గర్భసంచిని ముక్కలు చేసి తీయకూడదు.

గ్రంథులు, బోదకాలు

గ్రంథులే ముందు చూడాలి. పొట్ట తెరిచాక మొదట గ్రంథులు తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కి (ఆపరేషన్ జరుగుతుండగానే చేసే ముక్క పరీక్షకి) పంపుతారు, అక్కడ క్యాన్సర్ ఉందని తేలితే చాలా కేంద్రాల్లో గర్భసంచి జోలికి పోకుండా మూసేసి కీమో-రేడియేషన్‌కి పంపిస్తారు. "తెరిచి ఊరికే మూసేశారు" అని బంధువులు గొడవపడేది ఇక్కడే. అలా ఆపడం చేతగానితనం కాదని, కోత కొనసాగిస్తే బతుకు పెరగదు, బాధలే పెరుగుతాయని ముందురోజే ఇంటివాళ్లందరికీ చెప్పి ఉంచాలి.

సెంటినెల్ పద్ధతిలో ముఖద్వారంలో రంగు (ఐసీజీ, నీలి రంగు లాంటివి) ఎక్కించి, అది మొదట చేరిన గ్రంథిని రెండు పక్కలా వెతికి తీస్తారు. దాన్ని మరీ సన్నటి పొరలుగా కోసి చూస్తారు గనక చిన్న మచ్చ కూడా దొరుకుతుంది. ఒక పక్క రంగు పారకపోతే ఆ పక్క గ్రంథులన్నీ తీయాలి. రంగు పారలేదు కదాని వదిలేస్తే పరీక్ష సగమే చేసినట్టు.

గ్రంథులన్నీ తీసినవాళ్లలో కొందరికి కాలు వాపు వస్తుంది. గోదావరి జిల్లాలు బోదకాలు ఎరిగిన ప్రాంతం కాబట్టి ఇక్కడ రెండు చిక్కులు. ముందే ఒక కాలు కొద్దిగా బరువుగా ఉండి, ఏడాదికి రెండు మూడుసార్లు చలిజ్వరంతో గజ్జల్లో బిళ్ల కట్టే మనిషైతే ఆ సంగతి సర్జన్‌కి చెప్పాలి. లింఫ్ దారులు అప్పటికే దెబ్బతిన్నాయి కాబట్టి సెంటినెల్ చేసే చోటికి వెళ్లడానికి ఇదొక గట్టి కారణం. గజ్జల్లో బిళ్ల కనపడితే క్యాన్సర్ పాకిందనీ, లేదా బోదకాలు బిళ్లేలెమ్మనీ ఊహించుకోకుండా సూదితో తీసి చూడాలి. ఆపరేషన్ తర్వాత పాదం కడిగి వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవడం, పొలం గట్టు మీదకీ చెరువు గట్టు మీదకీ చెప్పుల్లేకుండా వెళ్లకపోవడం, వాపు కనపడగానే కొలత తీసి ఇచ్చే ఒత్తిడి మేజోళ్లు వేసుకోవడం ఎప్పటికీ అలవాటు చేసుకోవాలి.

అండాశయాలు, పిల్లలు

45 లోపు వయసు, స్క్వామస్ రకం అయితే అండాశయాలు ఉంచడమే మేలు. 38 ఏళ్ల మనిషికి వాటిని కూడా "ఎలాగూ తెరిచాం కదా" అని తీసేస్తే ఎముకలు, గుండె, నిద్ర అన్నీ దెబ్బతింటాయి. తర్వాత రేడియేషన్ పడే అవకాశం ఉందనిపిస్తే వాటిని కటి బయటికి, పైకి జరిపి లోహపు క్లిప్పుతో గుర్తు పెడతారు. ఎడినో రకంలో అండాశయానికి పాకే అవకాశం కాస్త ఎక్కువ, అక్కడ విడిగా ఆలోచించాలి.

పిల్లలు కావాలనుకునే స్త్రీకి 2 సెంటీమీటర్ల లోపు కణితి అయితే, ముఖద్వారం మాత్రమే తీసి గర్భసంచిని యోనికి కుట్టే ట్రేకిలెక్టమీ ఉంది. ఫ్రాన్స్‌లో దార్జాన్ 1987లో మొదలుపెట్టిన పద్ధతి. గర్భం నిలుస్తుంది గానీ నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం ఎక్కువ, కాన్పు సిజేరియనే. కొత్తగా పెళ్లైన అమ్మాయి దగ్గర ఈ మాట అత్తగారి ముందు కాకుండా విడిగా అడగాలి.

ఆపరేషన్ ముందూ తర్వాతా

రక్తం 10 గ్రాములైనా ఉండేలా చూసుకోవాలి. నెలల తరబడి రక్తం పోయిన మనిషికి ఐరన్ ఇంజక్షన్ ముందే పడాలి. తొలిదశలో పరీక్షలకి నాలుగైదు వారాలు పట్టినా నష్టం లేదు, కంగారుపడి పరీక్షలు ఎగ్గొట్టొద్దు. కానీ "సార్వా కోతలయ్యాక చూద్దాం" అని మూడు నెలలు దాటించొద్దు. ఎన్టీఆర్ వైద్యసేవలో చేయించుకునేటట్లయితే ముందస్తు అనుమతికి బయాప్సీ, స్కాన్ కాగితాలు కావాలి. ఈ గైడులో చెప్పిన పరీక్షలు పూర్తయితే ఆ ఫైలూ నిండినట్టే.

మామూలు హిస్టరెక్టమీ అయితే మూత్రం గొట్టం ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. రాడికల్‌కి వారం, ఒక్కోసారి ఎక్కువ. తీశాక "వస్తోందమ్మా?" అని అడిగి వదిలేయకూడదు. కూర్చుని పోయమని, పోసినదాన్ని కొలిచి, వెంటనే స్కాన్‌తోనో సన్న గొట్టంతోనో లోపల మిగిలింది కొలవాలి. మిగిలింది 100 మిల్లీలీటర్ల లోపుంటే గొట్టం అక్కర్లేదు. ఎక్కువుంటే మళ్లీ గొట్టం పెట్టి కొన్ని రోజులాగాలి, లేదా తనే రోజుకి నాలుగైదుసార్లు శుభ్రంగా గొట్టం వేసుకోవడం నేర్పించాలి. నరాలు మొద్దుబారాక సంచి నిండినా తెలియదు. అందుకే దాహం వేసినా వేయకపోయినా నీళ్లు, వచ్చినా రాకపోయినా గడియారం చూసి మూడు గంటలకోసారి మూత్రం. నిండిన సంచి సాగిపోతే మళ్లీ బిగుసుకోవడానికి నెలలు పడుతుంది.

మొదటి రెండు వారాల్లో యోనిలోంచి పల్చటి నీళ్లు అదేపనిగా కారుతుంటే తెల్లబట్ట అనుకోవద్దు. మూత్రనాళానికో సంచికో రంధ్రం పడి ఉండొచ్చు. నడుం పక్క నొప్పి, జ్వరం తోడైతే అదే రోజు ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలి, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ సూది వేయించుకుని ఆగితే కిడ్నీ పోతుంది. పిక్కలో నొప్పితో ఒక్క కాలే వాస్తే నాళంలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. క్యాన్సర్‌కి కటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి హెపారిన్ రకం సూదులు 28 రోజుల దాకా ఇవ్వడం అందుకే. ఇంటికి పంపేటప్పుడు చీటీలో అవి లేకపోతే అడగండి.

బిందె మోయడం, ఊడ్పులు, రొయ్యల షెడ్డులో గంటల తరబడి నిలబడటం ఎనిమిది వారాలు వద్దు. యోని పైన వేసిన కుట్టు ఆరేదాకా భార్యాభర్తల కలయిక కూడా అంతే.

సంచి తీసేశాక క్యాన్సరని తెలిస్తే

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదొకటి. తెల్లబట్ట అనో, ముట్టు ఎక్కువనో పాప్ టెస్టు కూడా లేకుండా తీసేసి, పది రోజుల తర్వాత రిపోర్టులో "ఇన్వేసివ్ కార్సినోమా" అని వస్తే ఇల్లంతా కుప్పకూలుతుంది. తీసిన సంచిని అసలు పరీక్షకే పంపని చోట్ల అది కూడా తెలియదు. కలయిక తర్వాత రక్తం, ముట్లాగిపోయాక రక్తం, వాసనతో నీళ్లు ఉన్న మనిషికి స్పెక్యులం (యోనిని తెరిచి చూసే పరికరం) పెట్టి చూడకుండా హిస్టరెక్టమీ తేదీ ఇచ్చే డాక్టరు దగ్గర ఆగకండి.

జరిగిపోతే చేయాల్సింది ఇది. బ్లాకులు తీసుకుని లోతు, ఎల్‌వీఎస్‌ఐ, అంచులు తేల్చుకోండి. 1ఎ1, ఎల్‌వీఎస్‌ఐ లేదు, అంచులు శుభ్రం అయితే వైద్యం అయిపోయింది, చూపించుకుంటూ ఉంటే చాలు. అంతకంటే ఎక్కువైతే ఎంఆర్ఐ గానీ పెట్-సీటీ గానీ తీసి, రేడియేషన్ వేయాలా, లేక మిగిలిన పారామెట్రియం, యోని పైభాగం, గ్రంథులు తీసే రెండో ఆపరేషనా అన్నది సర్జన్, రేడియేషన్ డాక్టరు కలిసి తేల్చాలి. మొదటి ఆపరేషన్ అతుకుల మధ్య మూత్రనాళాన్ని వెతకడం చాలా కష్టం, అందుకని ఈ రెండోది పెద్ద కేంద్రంలోనే జరగాలి. చిన్న కణితి, తక్కువ లోతు అని బ్లాకుల్లో తేలితే గ్రంథులు మాత్రమే తీసి ఆపడం గురించి కూడా అడగొచ్చు.

తర్వాతి చూపులు

మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, ఆపైన ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి. ప్రతిసారీ స్పెక్యులం పెట్టి యోని పైభాగం చూడటం, వేలి పరీక్ష, గజ్జలు తడమడం ఉండాలి. "రక్తపరీక్ష బాగుంది, వెళ్లండి" అంటే అది చూపు కాదు. కోన్, ట్రేకిలెక్టమీ చేయించుకున్నవాళ్లకి హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్ష కూడా కలపాలి. ఆపరేషన్ అయిన ఏడాదికో రెండేళ్లకో ఒక్క కాలు కొత్తగా వాచి, ఆ పక్కే పిరుదునుంచి తొడ వెనకగా నొప్పి లాగుతుంటే బోదకాలు బిళ్లలు మింగుతూ కూర్చోవద్దు. కటి గోడ దగ్గర రోగం తిరగబెట్టినప్పుడు కనిపించే జోడీ అది, అదే పక్క కిడ్నీ కూడా ఉబ్బి ఉండొచ్చు. ఆ వారంలోనే స్కాన్ తీయించి, పాత ఫైలుతో సహా ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లండి.